పాత డీజిల్ కారు ముందు బెల్టు, పుల్లీలు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

చాలా ఏళ్లుగా నేను నడుపుతున్నది వేరొకరి చేతిలో అప్పటికే బాగా తిరిగిన నాలుగు సిలిండర్ల డీజిల్ కారు. ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్ విషయంలో అది పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ ఏసీ కంప్రెసర్‌నూ పవర్ స్టీరింగ్ పంపునూ కలిపి తిప్పే పొడవాటి బెల్టు, దాని దారిలో ఉండే పుల్లీలు మాత్రం పదేపదే బానెట్ ఎత్తించాయి. ఈ సమీక్ష ఆ భాగానికే పరిమితం. కవరు లోపల ఉండి, వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు వేరు, దాని సంగతి వేరు.

ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. డీజిల్ కారులో బెల్టు అరిచినప్పుడు తప్పు బెల్టుది కావడం తక్కువ. దాన్ని తిప్పే పుల్లీయో, బిగించే టెన్షనరో, దారి మళ్లించే ఐడ్లరో పాడైతే ఆ బాధ బెల్టు మీద పడి శబ్దంగా బయటికి వస్తుంది. కొత్త బెల్టు వేయగానే కొన్నాళ్లు శబ్దం ఆగుతుంది గనుక సమస్య తీరిందనే నమ్మకం కలుగుతుంది. అసలు లోపం అక్కడే ఉండి, కొత్త బెల్టును కూడా అరగదీస్తూ ఉంటుంది.

దీనికి కారణం డీజిల్ ఇంజిన్ తిరిగే తీరులోనే ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 800 చుట్లతో ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు నిమిషానికి 1600 సార్లు, అంటే సెకనుకు దాదాపు 27 సార్లు ఇంధనం మండుతుంది. మండిన ప్రతిసారీ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, బెల్టును తిప్పేది ఇదే) ఒక్క ఉదుటున వేగం అందుకుంటుంది, ఆ వెంటనే తర్వాతి సిలిండర్‌లో గాలిని నొక్కవలసి రావడంతో తగ్గుతుంది. డీజిల్‌లో ఆ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఈ ఎగుడుదిగుడు కూడా ఎక్కువే. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది. లోపలి బరువైన రోటర్ క్రాంక్ కంటే రెండు మూడు రెట్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది గనుక, క్రాంక్ తగ్గిన ప్రతిసారీ తాను తగ్గలేదు. ఆ పెనుగులాటలో నలిగేది మధ్యలో ఉన్న బెల్టు.

అందుకే చాలా డీజిల్ కార్లలో ఆల్టర్నేటర్‌కు ఓవర్‌రన్నింగ్ పుల్లీ పెడతారు. సైకిల్ వెనక చక్రంలోని ఫ్రీవీల్ లాగే ఇది ఒక దిశలో రోటర్‌ను పట్టి తిప్పుతుంది, రెండో దిశలో వదిలేస్తుంది. ఈ మొత్తం అమరికలో నన్ను ఎక్కువ కాలం తికమక పెట్టిన భాగమూ, బాగుచేశాక ఎక్కువ తేడా చూపిన భాగమూ ఇదే. ఇది లోపల బిగుసుకుపోతే బ్యాటరీ చార్జింగ్ మామూలుగానే ఉంటుంది, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగదు. కానీ ఐడిలింగ్‌లో టెన్షనర్ చెయ్యి, అంటే బెల్టును నొక్కి పట్టే దాని కడ్డీ, వణుకుతుంది, బెల్టు రెపరెపలాడుతుంది, కొద్ది నెలల్లో టెన్షనర్ కూడా వదులైపోతుంది. రెండు వైపులా వదిలేసి తిరిగితే లక్షణం నేరుగా కనిపిస్తుంది: చార్జింగ్ ఆగిపోయి బ్యాటరీ దీపం వెలుగుతుంది.

పరీక్ష కష్టమైనది కాదు. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, బెల్టును తప్పించి, రోటర్‌ను కదలకుండా పట్టుకుని పుల్లీని చేత్తో తిప్పాలి. ఒక వైపు సాఫీగా తిరగాలి, మరో వైపు పట్టుకోవాలి. లోపల స్ప్రింగ్ ఉన్న రకమైతే పట్టుకునే వైపు కొంత సాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. రెండు వైపులా బిగుసుకుని ఉన్నా, రెండు వైపులా వదులుగా తిరిగినా, తిరిగే వైపు గరగరలాడినా మార్చవలసిందే. ఖర్చు తగ్గుతుందని దీని స్థానంలో మామూలు గట్టి పుల్లీని బిగించే వారున్నారు. అది బండిని నడిపిస్తుంది, కానీ టెన్షనర్‌నూ బెల్టునూ త్వరగా తినేస్తుంది. నేను దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

శబ్దాల విషయానికి వస్తే, వాటిని విడివిడిగా వినడం నేర్చుకోవడం ఏ పరికరం కంటే ఎక్కువ ఉపయోగపడింది. లయగా కిచకిచమంటూ, వేగం పెరిగితే అందులో కలిసిపోయే శబ్దం సాధారణంగా పుల్లీలు ఒకే వరుసలో లేకపోవడం వల్ల వస్తుంది. ఏసీ వేసినప్పుడో, స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పినప్పుడో కీచుమంటూ సాగే అరుపు బెల్టు జారుతోందని చెబుతుంది. ఇంజిన్ వేగంతో పాటే పెరుగుతూ ఆగకుండా వచ్చే గుర్రుమనే మోత బేరింగ్‌ది.

మొదటి రెండింటినీ విడదీయడానికి నీళ్ల పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా, చేతులూ బట్టలూ దూరంగా ఉంచి, బెల్టు గాడుల వైపు కొద్దిగా నీళ్లు చిమ్మాలి. అరుపు పెరిగితే బిగువు చాలక జారుతోంది. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీల వరుసలో తేడా ఉంది. ఏ మార్పూ లేకపోతే బేరింగ్‌ను అనుమానించాలి. ఖర్చు లేని ఈ పరీక్ష నాకు చాలాసార్లు సరైన దారి చూపింది. శబ్దం ఆపుతామని చెప్పే బెల్టు స్ప్రేలు మాత్రం లక్షణాన్ని కప్పిపెట్టి, జిగటకు దుమ్మును అంటించుకుని, తర్వాతి పరీక్షను కూడా పాడుచేస్తాయి.

బేరింగ్ ఏదో తేల్చుకోవడానికి బెల్టు తీసి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. గ్రీజు ఉన్న ఐడ్లర్ నిశ్శబ్దంగా తిరిగి త్వరగానే ఆగుతుంది. ఎండిపోయినది సరసరమంటూ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. తేలిగ్గా తిరిగేదే మంచిదనుకోవడం సహజం, ఇక్కడ అది తలకిందులు. బెల్టు లేకుండా ఇంజిన్‌ను కొద్ది సెకన్లు నడిపితే శబ్దం ఈ వరుసలోదా, లోపలిదా అన్నది కూడా తేలిపోతుంది. కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపును తిప్పేది ఈ బెల్టే గనుక ఆ పరీక్షను పొడిగించకూడదు.

క్రాంక్ పుల్లీ గురించి గట్టిగా చెప్పాలి. అది ఒకే ఇనుప ముద్ద కాదు. మధ్య భాగానికీ బయటి వలయానికీ నడుమ రబ్బరు ఉంటుంది, క్రాంక్ మెలితిరిగే కంపనాన్ని అది మింగుతుంది. ఆ రబ్బరు చీలితే బయటి వలయం జారుతుంది, ఊగుతుంది. రెండు భాగాల మీదుగా అడ్డంగా ఒక పెయింట్ గీత గీసి, తర్వాతి ఆయిల్ మార్పిడి నాటికి ఆ గీత విరిగి పక్కకు జరిగిందేమో చూడటం నేను మానని అలవాటు. జరిగితే వెంటనే మార్చాలి. కొన్ని ఇంజిన్లలో తెగిన బెల్టు పీలికలు క్రాంక్ పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవరులోకి దూరి టైమింగ్ బెల్టును పళ్లు దాటిస్తాయి. అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. చిన్న బెల్టు ఇంజిన్‌నే బలి తీసుకునేది ఇలాగే.

బెల్టు మీద పగుళ్లు లేవు కాబట్టి బాగుందనే లెక్క ఇప్పుడు చెల్లదు. పాత నియోప్రీన్ బెల్టులు పగిలేవి. ఇప్పటి ఈపీడీఎం అనే మరో రకం రబ్బరు బెల్టులు పగలకుండానే టైరులా అరిగి, గాడులు లోతెక్కి, పట్టు కోల్పోతాయి. మార్చేటప్పుడు పాత బెల్టు మీది సంఖ్యను చూడాలి: 6పీకే1750 అంటే ఆరు రిబ్బులు (బెల్టు పొడవునా ఉండే గట్లు), 1750 మిల్లీమీటర్ల పొడవు. ఒకే ఇంజిన్‌కు ఏసీ ఉంటే ఒక పొడవు, లేకపోతే మరో పొడవు ఉండవచ్చు. ఆయిల్ గానీ కూలెంట్ గానీ కారి తడుస్తుంటే ముందు ఆ కారుడు ఆపాలి.

వాడిన కారు కొనబోయే వారికి నా సలహా, ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడే చూడమని. చల్లటి డీజిల్‌కు స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్లను వేడెక్కించే గ్లో ప్లగ్గులూ స్టార్టరూ బ్యాటరీ నుంచి చాలా కరెంటు లాగేస్తాయి. ఆ లోటు తీర్చడానికి ఆల్టర్నేటర్ మొదటి నిమిషంలో గట్టిగా పనిచేస్తుంది. బలహీనమైన బెల్టు వరుస బయటపడేది సరిగ్గా అప్పుడే. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మరో రోజు రావడం మేలు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, టెన్షనర్ చెయ్యిని చూడండి: స్వల్పంగా కదలడం మామూలే, కంటికి స్పష్టంగా కొట్టుకోవడం కాదు.

నా కారులో చివరికి ఓవర్‌రన్నింగ్ పుల్లీ, టెన్షనర్, ఐడ్లర్, బెల్టు ఒకేసారి మార్పించాక టెన్షనర్ చెయ్యి వణుకు తగ్గింది, చల్లటి స్టార్ట్‌లో అరుపు పోయింది, ఆ తర్వాత తిరిగి రాలేదు. విడివిడిగా మార్చిన కాలంలో ప్రతి కొత్త భాగమూ మిగిలిన పాత భాగాల వల్ల ముందే అరిగిపోయింది. అంతకుముందు ఒకసారి వేయించిన చవక ఐడ్లర్ బేరింగ్ త్వరగానే మోత మొదలుపెట్టింది. దాని మీద మిగిలిన డబ్బు కంటే మళ్లీ విప్పి బిగించిన కూలీయే ఎక్కువైంది.