రేస్ కార్డుతో చాలా ఏళ్లు: ఏ గడిని నమ్ముతాను, ఏ గడిని దాటేస్తాను

రేస్ కార్డు, అంటే ఆ రోజు గుర్రప్పందేల వివరాలు అచ్చయిన పుస్తకం, చేతికి రాగానే ఎక్కువమంది ముందుగా తిప్పేది 'మా ఎంపికలు' అని ఉండే పేజీ. రేసుల ముందు రోజు రాత్రి కార్డు, పెన్సిల్ పట్టుకుని కూర్చోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను, కార్డు మొత్తంలో నాకు అతి తక్కువ ఉపయోగపడింది ఆ పేజీయే. ఎంపికలు రాసేవాళ్లలో చాలామంది నాకంటే బాగా తెలిసినవాళ్లే, అందులో అనుమానం లేదు. కానీ ఆ పేజీ గుర్రం పేరు చెప్పి ఊరుకుంటుంది. దానికి ఎంత అవకాశం ఉందో చెప్పదు. ఐదు రేసుల్లో ఒకటి గెలవగల గుర్రమూ, ఐదింట మూడు గెలవగల గుర్రమూ అక్కడ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. ఒక రోజు రేసుల్ని ముందుగా చదవడమంటే నా దృష్టిలో ఆ రెండింటినీ విడదీయడమే. దానికి కావలసిన సరుకు లోపలి పేజీల్లో ఉంది, కొన్ని గళ్లలో దండిగా, కొన్నింట్లో పేరుకు మాత్రం.

గుర్రం పేరు పక్కన వరసగా ఉండే అంకెలు గత పరుగుల్లో వచ్చిన స్థానాలు. బ్రిటిష్ పద్ధతి కార్డుల్లో కుడి చివరి అంకె తాజా పరుగుది. సున్నా ఉంటే తొమ్మిదో స్థానం కూడా దక్కలేదని అర్థం. మధ్యలో అడ్డగీత ఉంటే సీజన్ మారిందని, ఏటవాలు గీత ఉంటే అంతకంటే పెద్ద విరామం వచ్చిందని. చూడగానే అర్థమవుతాయి కాబట్టి అందరూ వీటినే పట్టుకుంటారు. అయితే ఎన్నోదిగా వచ్చిందో చెప్పే అంకె, ఎంత దూరంలో ఓడిందో చెప్పదు. పద్నాలుగు గుర్రాల రేసులో గెలిచిన దానికి రెండు లెంగ్త్‌ల లోపు, అంటే రెండు గుర్రాల పొడవు, సుమారు ఐదు మీటర్ల లోపు, ఆరోదిగా వచ్చిన గుర్రం ఉంటుంది. ఐదే గుర్రాల రేసులో పదిహేను లెంగ్త్‌ల వెనక మూడోదిగా వచ్చినదీ ఉంటుంది. అంకెల వరసలో 3 మెరుస్తుంది, 6 చిన్నబోతుంది. నేనైతే ఆ ఆరోదాన్నే ముందు చూస్తాను. ఓటమి తేడా, దూరం, నేల, మోసిన బరువు, పోటీలో ఎన్ని గుర్రాలు, ఈ ఐదూ ప్రతి పాత పరుగుకూ ఇవ్వని కార్డు ఎంత అందంగా అచ్చయినా నాకు అక్కర్లేదు.

బరువు గడిని కొత్తవాళ్లు దాటేస్తారు. హ్యాండిక్యాప్ రేసుల్లో అసలు పేచీ అంతా అక్కడే ఉంటుంది. మేలైన గుర్రం మీద ఎక్కువ బరువు, తక్కువ రకం మీద తక్కువ బరువు పెట్టి అన్నింటినీ ఒకేసారి గీత దాటించాలన్నది ఆ బరువులు నిర్ణయించే హ్యాండిక్యాపర్ ప్రయత్నం. వాడుకలో ఉన్న ఉజ్జాయింపు లెక్క ప్రకారం ఐదు ఫర్లాంగుల రేసులో ఒక లెంగ్త్‌కు 3 పౌండ్లు, మైలు దగ్గర సుమారు 2, ఇంకా దూరం పెరిగితే 1 దాకా దిగుతుంది. మైలు రేసులో సమాన బరువులతో ఒక గుర్రం ఇంకోదాన్ని రెండు లెంగ్త్‌లతో ఓడించిందనుకోండి. ఈసారి అదే దూరంలో గెలిచినది 5 పౌండ్లు ఎక్కువ మోస్తుంటే కాగితం మీద ఫలితం తిరగబడి, ఓడినది అర లెంగ్త్ ముందుంటుంది. ఈ లెక్క ఎప్పుడూ కచ్చితంగా పలకదు. అయినా పాత ఫలితాన్ని ఇవాళ్టి బరువులతో మళ్లీ వేసుకోవడం వల్ల కళ్లు తెరుచుకుంటాయి. గతంలో గెలిచినప్పటి రేటింగ్, అంటే దాని సత్తాకు హ్యాండిక్యాపర్ వేసిన అంకె, కంటే కిందికి దిగి, గెలిచిన దూరానికీ గెలిచిన రకం నేలకీ తిరిగొచ్చిన గుర్రం కనిపిస్తే దాని కింద తప్పకుండా గీత పడుతుంది. ఆ మూడూ కలిసిరావడం అరుదు కాబట్టే దానికి విలువ.

స్పీడ్ రేటింగులంటే నాకు గౌరవం. ఉత్త గడియారం సమయాన్ని ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు మోసుకెళ్లలేం. వాన పడ్డ నేల మీద ఒకలా, ఎండిన నేల మీద ఒకలా ఉంటుంది. ఆ రోజు ట్రాక్ ఎంత వేగంగా ఉందో లెక్కగట్టి, ఆ ప్రభావం తీసేసి అంకె వేయడం అమెరికన్ రేసింగ్ రచయిత ఆండ్రూ బేయర్ లాంటివాళ్లు చేసిన మేలు. ఆయన అంకెలు 1992 నుంచి డైలీ రేసింగ్ ఫారం అనే అక్కడి రేసుల పత్రికలో వస్తున్నాయి. అంతకు చాలా ముందే, 1948లో, ఫిల్ బుల్ మొదలుపెట్టిన టైమ్‌ఫారం ఇంగ్లండ్‌లో గుర్రాలకు రేటింగులిచ్చే పనిని ఒక శాస్త్రంలా సాగించింది. పద్నాలుగు రేసులు పరిగెత్తి పద్నాలుగూ గెలిచిన ఫ్రాంకెల్‌కు వాళ్లిచ్చిన 147 దూకాల్సిన అడ్డంకులు లేని (ఫ్లాట్) రేసుల్లో వాళ్లు ఇచ్చిన అన్నింటికంటే ఎక్కువ. ఏ గుర్రం ఏ తరగతిదో తేల్చడానికి ఈ అంకెలకు మించింది లేదు. చిక్కల్లా మామూలు రోజు మామూలు హ్యాండిక్యాప్‌లో వస్తుంది. పది గుర్రాల రేటింగులు నాలుగైదు పాయింట్ల మధ్యే ఇరుక్కుని ఉంటాయి. అక్కడ అంకె నోరు మూసుకుంటుంది.

అలాంటి చోట మాట్లాడేది పేస్, అంటే రేసు ఎంత వేగంగా నడుస్తుందన్నది. ఈ గడి చాలా కార్డుల్లో లేనే లేదు, అదే వాటి అన్నింటికంటే పెద్ద లోపం. రేసులో ఎవరు ముందుకు దూకుతారు, ఎంతమంది దూకుతారు అన్నది ఫలితాన్ని ఎంత మారుస్తుందో అమెరికాలో జరిగే కెంటకీ డెర్బీని 2022లో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందున్న గుర్రాలు ఒకదాన్నొకటి తరుముకుని మొదటి పావు మైలును 21.78 సెకన్లలో దాటాయి. ఆ రేసు చరిత్రలో అంత వేగంగా ఎప్పుడూ మొదలవలేదు. ఆ దూకుడుకు నాయకత్వం వహించిన సమ్మర్ ఈజ్ టుమారో అనే గుర్రం చిట్టచివర వచ్చింది. మొదట్లో బాగా వెనక ఉండి, చివర్లో లోపలి రెయిలింగ్ పక్కనుంచి దూసుకొచ్చిన రిచ్ స్ట్రైక్ ఒకటికి 80 ధరకు, అంటే పెట్టిన రూపాయికి 80 లాభం వచ్చేలా, గెలిచింది. ఇంకో గుర్రం తప్పుకోవడంతో ముందు రోజే దానికి పోటీలో చోటు దొరికింది. దాని పేరు ముందే చెప్పగలిగే పద్ధతి ఏదీ లేదు. కానీ ముందు పరిగెత్తే అలవాటున్న గుర్రాలు ఎక్కువైతే చివరి ఫర్లాంగు వెనకవాళ్లదయ్యే వీలుందన్న సంగతి మాత్రం కార్డు చదివి పసిగట్టవచ్చు.

అందుకే ప్రతి గుర్రం పాత పరుగుల వ్యాఖ్యలు చదివి, పేరు పక్కన 'ము', 'మ', 'వె' అని రాసుకుంటాను. ముందు, మధ్య, వెనక. రేసు మొత్తంలో 'ము' ఒక్కటే పడితే ఆ గుర్రానికి నా లెక్కలో అవకాశం పెంచుతాను. దాన్ని ఎవరూ తరమరు, తన ఇష్టమొచ్చిన వేగంతో నడిపించుకుని చివర్లో ఊపిరి మిగుల్చుకుంటుంది. 'ము'లు నాలుగు పడితే వాటన్నింటికీ తగ్గించి, 'మ' దగ్గర చూస్తాను. కార్డు మీద నేను పెట్టే శ్రమలో దీనికి వచ్చినంత ఫలం మరి దేనికీ రాలేదు.

స్టాల్ నంబరు, అంటే గుర్రం ఏ గేటు నుంచి బయలుదేరుతుందన్నది, ఎంత ముఖ్యమో ట్రాక్‌ను బట్టి. ఇంగ్లండ్‌లోని చెస్టర్ లాంటి ఇరుకైన గుండ్రటి ట్రాక్ మీద తక్కువ దూరం రేసుల్లో లోపలి స్టాల్ పెద్ద వరం, బయటి స్టాల్ నుంచి వచ్చేది అదనపు దూరం పరిగెత్తాలి. తిన్నగా ఉండే ట్రాక్‌లో చాలాసార్లు అంత పట్టింపు ఉండదు. జాకీ పేరు గురించి జనం పడే ఆరాటం నాకు అతిగా అనిపిస్తుంది. పేరున్న జాకీ ఎక్కితే ధర దానంతట అదే పడిపోతుంది, మిగిలే లాభం ఉండదు. కొత్త జాకీకి ఇచ్చే బరువు రాయితీని మాత్రం విడిచిపెట్టను. ఉదయం పూట వర్కవుట్ (సాధన పరుగు) సమయాల్ని చదువుతాను గానీ, ట్రైనర్ గుర్రాన్ని ఎంత గట్టిగా తోలమన్నాడో ఆ అంకెలో ఉండదు. ఇక డబ్బు తీసుకుని 'తప్పక గెలిచేది' అంటూ పేరు అమ్మేవాళ్ల జోలికి ఎవరూ వెళ్లకూడదని గట్టిగా చెబుతాను. నిజంగా అంత నమ్మకముంటే ఆ పేరు నలుగురికీ చెప్పి ధర పడగొట్టుకోరు.

ఇదంతా అయ్యాక ప్రతి గుర్రానికీ ఒక శాతం రాసి, మొత్తం వందకు సరిచేస్తాను. ఆడ్స్, అంటే ఒక్కో గుర్రానికి కట్టిన ధరలు, అప్పటిదాకా చూడను, ముందే చూస్తే చెయ్యి అటే లాగుతుంది. ఒకటికి నాలుగు అంటే 20 శాతం, ఒకటికి తొమ్మిది అంటే 10 శాతం. బుకీల ధరలన్నీ ఇలా శాతాల్లోకి మార్చి కూడితే వంద దాటుతుంది, ఆ దాటిన భాగం వాళ్ల బతుకుదెరువు. టోట్‌లో, అంటే అందరి పందేలూ ఒకచోట కలిపి గెలిచినవాళ్లకు పంచే పద్ధతిలో, అయితే పందెం మొత్తంలోంచి సాధారణంగా 15 నుంచి 25 శాతం ముందే కోత పోతుంది. ఫేవరెట్లు, అంటే రేసులో అందరికంటే తక్కువ ధర ఉన్న గుర్రాలు, మూడింట ఒక రేసు దాకా గెలుస్తాయన్నది అందరికీ తెలిసిందే. అయినా ప్రతి ఫేవరెట్ మీదా వేసుకుంటూ పోతే మిగలకపోవడానికి కారణం ఈ కోతే. మరీ పెద్ద ధర గుర్రాల మీద జనం వాటి తాహతుకు మించి పెడతారని గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1949లోనే చూపించాడు. 'ఒకటికి యాభై' చూసి ఆశపడే ముందు అది గుర్తుంచుకోవాలి.

గెలుపు ఎవరిదో తెలిసినా దక్కేది ఎంతన్నదానికి సెక్రటేరియట్ అనే అమెరికన్ గుర్రానికి మించిన ఉదాహరణ లేదు. 1973 బెల్మాంట్ స్టేక్స్‌లో అది 31 లెంగ్త్‌లతో గెలిచింది. 2 డాలర్ల టికెట్‌కు తిరిగొచ్చింది 2.20 డాలర్లు. గెలిచిన టికెట్లలో 5,617 జ్ఞాపకంగా దాచుకున్నారట, ఎవరూ మార్చుకోలేదు. రెండు నెలలైనా కాకముందే అదే గుర్రం సారటోగాలో విట్నీ రేసుకు తిరుగులేని ఫేవరెట్‌గా దిగి ఆనియన్ అనే గుర్రం చేతిలో ఓడింది. గుర్రం అదే. మారింది ఆ రోజు, ఆ నేల, ఆ రేసు.

నా శాతానికీ ధర చెప్పే శాతానికీ పెద్ద తేడా కనబడితే నేనే సరి అని అనుకోను. హాంకాంగ్‌లో కంప్యూటర్ లెక్కలతో పందేలు గెలిచిన బిల్ బెంటర్ 1994లో రాసిన వ్యాసంలో, తన మోడల్ అంచనాను జనం కట్టిన ధరతో కలిపితేనే మెరుగైన ఫలితం వచ్చిందని వివరించాడు. కార్డులో లేని సంగతులు, గుర్రం ఆరోగ్యం, లాయం కబుర్లు, ధరలోకి ఇంకిపోయి ఉంటాయి. కాబట్టి నా అంకెను ధర వైపు కొంచెం జరుపుతాను. అలా జరిపాక కూడా తేడా నిలిస్తేనే ఆ రేసు నాది. చాలా రోజుల్లో అలాంటివి ఒకటో రెండో మిగులుతాయి, కొన్ని రోజుల్లో ఒక్కటీ ఉండదు. మొదటిసారి పరిగెత్తే రెండేళ్ల గుర్రాల రేసుల్ని మొత్తంగా వదిలేస్తాను. అక్కడ కార్డులో వంశం తప్ప చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా, రోజులో ఉన్న రేసులన్నీ చదవాలని చూడకండి. పాత పరుగులు ఎక్కువగా ఉన్న గుర్రాల హ్యాండిక్యాప్ ఒకటి ఎంచుకుని, పందెం లేకుండా కొన్నాళ్లపాటు శాతాలు మాత్రం రాసి చూడండి. మీరు 20 శాతం అన్నవి నిజంగానే ఐదింట ఒకటి గెలుస్తున్నాయా అని ఆ పాత కార్డులే చెబుతాయి. ఇంకోటి, రాత్రి రాసుకున్నది పెన్సిల్‌తోనే రాయండి. పొద్దున్నకి వాన పడుతుంది, ముగ్గురు 'ము'లలో ఇద్దరు తప్పుకుంటారు, శాతాలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.