నట్టలకు పాత మందా, బ్యాక్టీరియా మందా: ఏది మేలు?

మహారాష్ట్రలోని రాజురా, సిరొంచ వైపు గొర్రెల పెంపకందారులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "నట్టలకు (పొట్ట పురుగులకు) ఆల్బెండజోల్ మందు తాగించినా జీవాలు తేరుకోవడం లేదు. బ్యాక్టీరియాతో కొత్త మందు వస్తోందట, దాని కోసం ఆగమంటారా?" ఆగవద్దు. అది ఇంకా ప్రయోగాల్లోనే ఉంది, మందుల దుకాణంలో దొరకదు. కానీ పోల్చి చూడవలసిన సమయం మాత్రం ఇదే. వాడే పద్ధతి మారకపోతే, అది వచ్చాక కూడా పాత మందులకు పట్టిన గతే పడుతుంది.

పాత మందుల చరిత్ర చూడండి. ఆల్బెండజోల్ కుటుంబంలో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964 నాటికే గొర్రె పొట్టలో రక్తం తాగే హీమాంకస్ నట్ట దాన్ని తట్టుకుంది. మొనెపాంటెల్ అనే సరికొత్త రకం 2009లో న్యూజిలాండ్‌లో విడుదలైతే, కొద్ది ఏళ్లలోనే దానికీ లొంగని నట్టలు బయటపడ్డాయి. మందు కొత్తదైనంత మాత్రాన నట్టలు ఎక్కువ కాలం లొంగి ఉండవు.

ఇక బ్యాక్టీరియా సంగతి. ఇది మన పత్తి రైతులకు బాగా తెలిసిన బ్యాసిల్లస్ తురింజియెన్సిసే, అంటే బీటీ. పత్తిలో పనిచేసే ప్రొటీన్ వేరు, నట్టల మీద పనిచేసే క్రై5బి వేరు. క్రై5బి నట్ట పేగు గోడలోని కొన్ని చక్కెర గొలుసులను పట్టుకుని కణాలకు రంధ్రాలు పెడుతుంది. ఆ గొలుసులు గొర్రెలో గానీ మనిషిలో గానీ లేవు, అందుకే దీని మీద అంత ఆశ. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రాఫీ ఆరోయన్ బృందం ఈ ప్రొటీన్‌ను చంపిన బ్యాక్టీరియా లోపలే ఉంచి తాగించే పద్ధతి తయారుచేసింది. 2020లో ప్రచురించిన గొర్రెల ప్రయోగంలో పెంటికల్లో గుడ్లు సుమారు 90 శాతం, పొట్టలో నట్టలు సుమారు 72 శాతం తగ్గాయి. ప్రయోగం చిన్నదే అయినా ఫలితం బాగుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది నట్టలు ఎంత త్వరగా మందును తట్టుకుంటాయన్నది. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల విత్తనంతో పాటు చేను చుట్టూ వేయమని 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు. మందుకు లొంగే పురుగులు కొన్ని బతికి, లొంగనివాటితో కలిసి, ఆ మొండితనాన్ని పలచబరచాలన్నది ఉద్దేశం. చాలామంది ఆ గింజలు వేయనే లేదు. 2017లో విదర్భ పత్తిని గులాబీ రంగు పురుగు ఎలా తినేసిందో మనం కళ్లారా చూశాం. మంద మొత్తానికి ఒకే రోజు మందు తాగించడం ఆ గింజల్ని పారేయడం లాంటిదే.

అందుకే నా మొగ్గు కనురెప్ప పరీక్ష వైపు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా పద్ధతి ఇది. హీమాంకస్ రక్తం తాగేకొద్దీ రెప్ప లోపలి ఎరుపు తగ్గిపోతుంది. మంచి ఎండ వెలుతురులో, బొటనవేలితో పై రెప్పను కనుగుడ్డు మీదికి మెల్లగా నొక్కి, రెండో చేతి బొటనవేలితో కింది రెప్పను లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. దాన్ని అయిదు రంగుల పటంతో పోల్చాలి. ఎర్రగా ఉంటే మందు వద్దు. తెల్లబారితే వెంటనే తాగించాలి. మధ్య రంగు అయితే జీవం ఒళ్లు, ఈనే సమయం చూసి నిర్ణయించుకోవాలి. ఎర్ర కళ్ల గొర్రెలు వేసే పెంటికల్లోంచి లొంగే నట్టల సంతతి పచ్చికలోకి చేరుతూ ఉంటుంది. మందు ఖర్చు కూడా తగ్గుతుంది.

బ్యాక్టీరియా మందు వచ్చిన రోజున దాన్ని కూడా తెల్ల కళ్ల జీవాలకే, వీలైతే లెవమిసోల్ అనే మరో పాత నట్టల మందుతో కలిపి వాడాలన్నది నా అభిప్రాయం. క్రై5బికి మొండికేసిన పురుగులు లెవమిసోల్‌కు ఇంకా తేలిగ్గా లొంగుతాయని, లెవమిసోల్‌కు మొండికేసినవి క్రై5బికి అలాగే లొంగుతాయని 2010లోనే ప్రయోగశాల పురుగుల్లో తేలింది. ఇలాంటి జోడీ మళ్లీ దొరకడం కష్టం.

అంతవరకు పాత మందునే సరిగ్గా వాడండి. అంచనాతో పోయకుండా తూకం వేసి తాగించండి. మేకలకు గొర్రెల మోతాదు చాలదు, పశువైద్యుణ్ణి అడిగి పెంచండి. లెవమిసోల్, క్లోసాంటెల్ వంటి నట్టల మందుల మోతాదు మించితే జీవానికే ముప్పు. రెండు వారాల తర్వాత పెంటికలు పరీక్ష చేయించండి. గుడ్లు 95 శాతం తగ్గకపోతే ఆ మందు మీ మందలో పని అయిపోయినట్టే అనుకోవాలి.

మిగతావాటి గురించి రెండు మాటలు చాలు. పెంటికల్లోని పిల్లపురుగులను పట్టి చంపే డడింగ్టోనియా బూజు ఆస్ట్రేలియాలో వాడుకలో ఉంది, కానీ పొట్టలో ఉన్న నట్టను అది ముట్టదు. హీమాంకస్ టీకా కూడా మొదట అక్కడే విడుదలైంది, మళ్లీ మళ్లీ వేయించాలి. ప్రాణహిత ఒడ్డున తడి నేలల్లో మేసే మందల్లో కార్జపు జలగలు కూడా రెప్పను తెల్లబరుస్తాయి. క్రై5బి తయారైంది గుండ్రటి నట్టల కోసం, జలగలకు వేరే మందు తాగించవలసిందే.