బాపు తుపాకీకి తోలు దిండు: మూడేళ్ల తర్వాత

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర మా పత్తి చేలో అడవిపందులు పడుతున్నాయని, పంట కాపలాకి లైసెన్సు తీసుకుని బాపు (మా నాన్న) కొన్న పన్నెండు బోరు, రెండు గొట్టాల షాట్‌గన్ ఇది. ఆయన పోయాక నా పేరు మీద లైసెన్సు చేయించుకున్నాను. తుపాకీ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద చెంప ఆనే చోట నేను కట్టుకున్న తోలు దిండు గురించే ఇదంతా. లోపల ఫెల్ట్ పొరలు పెట్టి, కింద తాడుతో బిగించుకునే రకం. ఈ మధ్య కొన్నవాటిలో నాకు ఇంత సంతోషం ఇచ్చింది ఇంకొకటి లేదు.

బాపుది నిండు మొహం, పొట్టి చేతులు. నావి లోపలికి పోయిన దవడలు, పొడుగు చేతులు. చెంప ఆనిస్తే కన్ను బాగా కిందికి దిగిపోయేది. సరిగా కనిపించాలని తల ఎత్తితే, పేలగానే స్టాక్ వచ్చి చెంప ఎముకకు తగిలేది. ఇరవై తూటాలకే చెంప కమిలిపోయేది. ఏళ్ల తరబడి నాకు గురి లేదనే అనుకున్నాను.

షాట్‌గన్‌కి మామూలుగా వెనక సైటు (గురి చూసే గుర్తు) ఉండదు. మన కన్నే వెనక సైటు. హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌లో ఒక పెద్దాయన ఖాళీ తుపాకీ ఇచ్చి, కళ్లు మూసుకుని భుజానికెత్తి, ఆ తర్వాత తెరవమన్నారు. తెరిస్తే ముందు పూస (గొట్టం చివర ఉండే గురి చుక్క) కనిపించనే లేదు. 16 గజాల దూరంలో కాగితం కట్టి కాలిస్తే, గుళ్ల గుంపు మధ్య భాగం మూడు అంగుళాలు కిందికి పడింది. కంటికీ ముందు పూసకీ మధ్య సుమారు ఒక గజం ఉంటుంది. అందుకని చెంప దగ్గర అంగుళంలో పదహారో వంతు ఎత్తు పెంచితే, 16 గజాల దగ్గర గుంపు ఒక అంగుళం పైకి లేస్తుంది. ఒక్కో పొర అంత మందమే. మూడు పొరలు పెట్టాను. మళ్లీ కాలిస్తే గుంపు సరిగ్గా నడిమధ్యలో! చెంపకు దెబ్బ కూడా లేదు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

స్టాక్ పొడవు చాలనందుకు బట్ (భుజానికి ఆనే చివర) వెనక అర అంగుళం ముక్క కూడా వేయించాను. బల్లార్షా టేకు మా పక్కనే దొరుకుతుంది కానీ, పలచటి టేకు ముక్క స్క్రూ దగ్గర చీలింది. ప్లైవుడ్ నిలిచింది. అయితే చలికాలం పొద్దున స్వెటర్ మీద ఎత్తితే బట్ చంకలో తట్టుకుంటోంది.

దిండులోనూ ఒక తిరకాసు ఉంది. తోలు, దాని లోపలి స్పాంజ్ పక్కకి కూడా చుట్టుకుంటాయి కాబట్టి నా మొహం ఎడమకు జరిగింది. కుడివైపు వెళ్లే మట్టి పిట్టలు (రేంజ్‌లో గురి కోసం ఎగరేసే బిళ్లలు) వరసగా తప్పుతుంటే, రెండో నెలలో గానీ అర్థం కాలేదు. ఎడమవైపు ఆ స్పాంజ్ కోసేశాక చాలావరకు సర్దుకుంది.

అసలు బాధ 2024లో. లోక్‌సభ ఎన్నికల కోడ్ రాగానే తుపాకీ అప్పజెప్పాను. దిండు విప్పకుండా ఇవ్వడం నా తప్పే. మా చంద్రపూర్ ఎండల సంగతి తెలిసిందే కదా. జూన్‌లో తెచ్చుకుని తాడు విప్పితే, పొరలు జరగకుండా నేను వేసిన రెండువైపుల టేపు కరిగి చెక్కకు అంటుకుపోయి ఉంది. మెల్లగా లాగినా అరచేయంత మేర పాలిష్ లేచొచ్చింది. సరిగ్గా ఆ చోటే బాపు చెంప ఆని ఆని అద్దంలా నునుపెక్కింది. చిన్నప్పుడు నేను వేలితో తడిమేవాణ్ణి. రెండు వారాలు రోజూ అవిసె నూనె రుద్దాను. రంగు వచ్చింది, ఆ నునుపు రాలేదు. ఇప్పుడు టేపు లేదు, పొరలు దారంతో కుట్టుకున్నాను. రేంజ్ నుంచి రాగానే దిండు విప్పేస్తాను.

కొనాలా అని అడిగితే, నా మాట నా మట్టుకే. బాపు స్టాక్‌ని కోయడం, వంచడం నాకు ఇష్టం లేదు, నేను రేంజ్‌కి వెళ్లేది నెలకోసారి. సొంతంగా కొన్న తుపాకీతో వారం వారం కాల్చేవాళ్లు లైసెన్సున్న మిస్త్రీ దగ్గర ఎత్తు మార్చుకునే స్టాక్ చేయించుకుంటేనే నయం. పొరలు మాత్రం ఏడాదికోసారి చూసుకోవాలి. ఈ చలికాలం నేను కాస్త ఒళ్లు చేశాను, దవడలు నిండాయి. ఒక పొర తీసేయాల్సి వచ్చింది.