చిన్న స్కూటర్‌కి స్పీడు పెంచాలంటే ఏది మేలు: రోలర్లా, సైలెన్సరా, పెద్ద బోరా?

స్కూటర్‌కి స్పీడు పెంచాలి అన్న మాటలో రెండు కోరికలున్నాయి. యాక్సిలరేటర్ తిప్పగానే బండి చురుగ్గా ఎత్తుకోవాలనేది ఒకటి. స్పీడోమీటర్ ముల్లు ఒకచోట ఆగిపోతోంది, అది ఇంకాస్త ముందుకు జరగాలనేది రెండోది. మొదటిది తక్కువ ఖర్చులో, ఇంజిన్‌కి పెద్దగా భారం లేకుండా తీరుతుంది. రెండోది గాలితో పోట్లాట. వేగం పెరిగే కొద్దీ గాలి ఎదురుతోపు దాని వర్గంలో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావలసిన పవర్ ఘనంలో పెరుగుతుంది. గంటకు 60 కి.మీ. దగ్గర ఆగిపోయే బండి 66 అందుకోవాలంటే మూడో వంతు పవర్ ఎక్కువ కావాలి. 75 అందుకోవాలంటే దాదాపు రెట్టింపు కావాలి. ఏ పార్టు కొనే ముందైనా ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. చాలా బండ్లు పోగొట్టుకున్న స్పీడునే మనం కొత్తగా కొనాలని చూస్తుంటాం. నా బండి 55 దాటడం మానేసినప్పుడు నేనూ బోర్ కిట్ల (పెద్ద సిలిండర్, పిస్టన్ సెట్టు) గురించే చదువుతూ కూర్చున్నాను. చివరికి ఎడమవైపు, ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి అందించే బెల్టు ఉండే కవర్ విప్పితే లోపలంతా బెల్టు అరిగిన నల్లటి పొడి. రోలర్లంటే ముందు పుల్లీలో ఉండే చిన్న బరువులు, వేగం పెరిగే కొద్దీ బయటికి జరుగుతూ బెల్టును పుల్లీ అంచు వైపు ఎక్కిస్తాయి. ఆ ఆరు రోలర్లలో నాలుగు ఒక పక్క చదునైపోయాయి. బల్ల మీద వేలితో దొర్లిస్తే సగం తిరిగి ఆగిపోతున్నాయి. బెల్టు వెడల్పు వెర్నియర్‌తో కొలిస్తే మాన్యువల్ చెప్పిన కనీస కొలత కన్నా తక్కువ వచ్చింది. బెల్టు సన్నబడితే ముందు పుల్లీ మీద పైఅంచు దాకా ఎక్కదు, అంటే టాప్ గేరు పూర్తిగా పడనట్టే. రెండూ మార్చాక ముల్లు పాత చోటికి తనంతట తనే వచ్చింది.

మీ బండిలో ఇది తెలుసుకోవడానికి ఒక మార్కర్ పెన్ను చాలు. ముందు పుల్లీ ముఖం మీద నడిమి నుంచి అంచు దాకా గీత గీసి, కవర్ బిగించి, సురక్షితమైన చోట ఒక్కసారి పూర్తి వేగానికి తీసుకెళ్లి వచ్చి, చల్లారాక విప్పండి. బెల్టు రాసుకున్నంత మేర గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర గీత బాగా మిగిలిందంటే బెల్టు అక్కడిదాకా వెళ్లడం లేదు. రోలర్లో బెల్టో అరిగి ఉండొచ్చు, లేదా కంపెనీయే వేగాన్ని కట్టడి చేయడానికి వేరియేటర్‌లో, అంటే రోలర్లుండే ఆ ముందు పుల్లీలో, రింగు పెట్టి ఉండొచ్చు. ఆ రింగు చట్టం కోసం పెట్టేది. తీస్తే బండి ఏ తరగతి కిందకి వస్తుందో, లైసెన్సు, ఇన్సూరెన్స్ చెల్లుతాయో లేదో చూసుకోకుండా దాన్ని ముట్టుకోవద్దు.

ఇవన్నీ బాగున్నా ఇంకా కావాలంటే నా మొదటి ఓటు రోలర్లకే. వాటి బరువు తగ్గిస్తే ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర, తన బలం ఉన్నచోట పనిచేస్తుంది. పికప్ పెరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కడం తగ్గుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి ముందుకు పోదు, మైలేజీ కూడా పడిపోతుంది. అరగ్రామో గ్రామో చొప్పున మారుస్తూ చూడాలి. నచ్చకపోతే పాతవి తిరిగి వేసుకోవచ్చు, బండికి మచ్చ కూడా పడదు. బోర్ కిట్‌కి ఇంత సౌకర్యం లేదు.

సైలెన్సర్, ఓపెన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా పెట్టే గాలి ఫిల్టర్) సంగతి వేరు. వీటితో ముందు పెరిగేది చప్పుడు. చెవికి స్పీడు పెరిగినట్టే ఉంటుంది, స్టాప్‌వాచ్ పెడితే తేడా అంతగా కనపడదు. అసలు ప్రమాదం గాలి, పెట్రోలు మిశ్రమంలో ఉంది. గాలి ఎక్కువ వెళ్లి పెట్రోలు అంతే ఉంటే ఇంజిన్ వేడెక్కుతుంది, అది ముదిరితే పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటర్ బండిలో మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్లే చిన్న రంధ్రం) పెంచి, స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే సరే. తెల్లగా ఉంటే వెంటనే ఆపేయండి. ఫిల్టర్ పెట్టె తీసేస్తే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి రోజూ తిరిగే బండికి నేనైతే దాన్ని కదపను.

ఇక పెద్ద బోర్ కిట్. దీని మీదే అందరికీ ఆశ, కాబట్టి లెక్క వేసి చూద్దాం. చాలా చిన్న స్కూటర్లలో వాడే జీవై6 రకం 50 సీసీ ఇంజిన్లో బోర్ (సిలిండర్ వెడల్పు) 39 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 41.5 మి.మీ. దానికి 80 సీసీ పేరుతో అమ్మే 47 మి.మీ. కిట్ వేస్తే వచ్చేది నిజానికి 72 సీసీ. పవర్ కూడా అదే నిష్పత్తిలో, అంటే 45 శాతం పెరిగిందనుకుందాం. ఘనం లెక్కన టాప్ స్పీడు పెరిగేది 13 శాతమే, 60 కాస్తా 68 అవుతుంది. బెల్టు అప్పటికే పుల్లీ అంచుకు చేరి ఉంటే ఆ 68 కోసం ఇంజిన్ ఇంకా వేగంగా తిరగాలి, లేదా వెనక గేర్లు మార్చాలి. అయినా ఎత్తులు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు తేడా బాగా తెలుస్తుంది, కాదనను. కానీ వేడి పెరుగుతుంది. చల్లబరిచేది అదే చిన్న ఫ్యాను, లోపలున్నది లీటరు కూడా లేని ఆయిలు. ఆయిలు తొందరగా మార్చడం, జెట్ సరిచేయడం, కొత్త పిస్టన్ రింగులు కుదురుకునేదాకా నిదానంగా నడపడం చేయగలిగితేనే కిట్ జోలికి వెళ్లండి. లేకపోతే కొసరు కోసం పోయి అసలు పోగొట్టుకున్నట్టే.

బ్రేకుల మాట కూడా చెప్పాలి. 60 నుంచి 75కి వెళితే బండిలో ఉండే శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆపాల్సింది మాత్రం అవే చిన్న డ్రమ్ములు, అవే చిన్న చక్రాలు. లైనర్లు, టైర్లు కొత్తవి వేశాకే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి.

ఊళ్లో తిరిగేవాళ్లకి కొత్త బెల్టు, కాస్త తేలిక రోలర్లు సరిపోతాయి. ఎత్తులున్న దారిలో బరువుతో వెళ్లేవాళ్లు, చేత్తో పనిచేసుకునే ఓపికున్నవాళ్లు బోర్ కిట్ ఆలోచించవచ్చు. రోజూ పెద్ద రోడ్డు మీద 70లో నడవాలనుకునేవాళ్లకి మాత్రం ఈ మూడూ కాదు, 125 సీసీ బండే మేలు. 50 సీసీ ఇంజిన్ ఆ వేగానికి ప్రతి నిమిషం తన ప్రాణమంతా పెట్టాలి. 125కి అక్కడ ఇంకా ఊపిరి మిగిలే ఉంటుంది.