పరిశోధనకు ఏది మేలు: కాగితమా, రాయా, మనిషి నోటి మాటా?

ఎం.ఏ. ఆఖరి సెమిస్టరుకి వచ్చిన పిల్లలు ఏటా నన్ను ఇదే అడుగుతారు. ఈసారి మా అన్నయ్య కూతురే అడిగింది. నాగార్జున యూనివర్సిటీలో చరిత్ర చదివింది, పీహెచ్‌డీ ప్రవేశానికి ఏపీఆర్‌సెట్ రాయబోతోంది. "అత్తా, పాత పత్రికల మీద చెయ్యనా, శాసనాలు పట్టుకోనా, ఊళ్లలో పెద్దవాళ్లను మాట్లాడించి రాసుకోనా?" అంది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. గైడును ఎలా వెతుక్కోవాలి, సినాప్సిస్ ఎలా రాయాలి అన్నవి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు కాగితం. ఈ విషయంలో కృష్ణకు అటూ ఇటూ ఉన్నవాళ్లం నిజంగా అదృష్టవంతులం. గ్రంథాలయోద్యమానికి సంఘం కట్టింది బెజవాడలోనే, రామమోహన గ్రంథాలయంలో, 1914 ఏప్రిల్ 10న. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడివాళ్లూ అక్కడికే వస్తారు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయం ఉంది. కాగితం ఇచ్చే పెద్ద బలం తేదీ. చీరాల-పేరాల జనం ఊరు ఖాళీ చేసి రామనగరం కట్టుకోవడం, పెదనందిపాడు ఫిర్కాలో పన్నులు ఆపెయ్యడం, పల్నాట పుల్లరి (అడవిలో పశువుల మేతకు పన్ను) పోరులో 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు బలి కావడం ఏడాది తిరక్కుండా ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఏ రోజు ఏది జరిగిందో, ఏ వార్త ఎన్ని రోజులకు ఎక్కడికి చేరిందో పత్రిక చూపించినట్టు మరేదీ చూపించలేదు.

అయితే కాగితంలో నేను పడిన దెబ్బ ఒకటి చెప్పాలి. పీహెచ్‌డీ రెండో ఏడు మద్రాసు వెళ్లాను, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో జిల్లా రికార్డులు చూడ్డానికి. ఆరు రోజులకు లెక్క వేసుకుని తిరుగు టికెట్టు కూడా తీసుకునే వెళ్లాను. గుంటూరు పేరుతో సూచికలన్నీ గాలిస్తే 1859 తర్వాత ఏమీ దొరకలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన చెబితే తెలిసింది. గుంటూరు కలెక్టరేటును 1859లో ఎత్తేసి 1904లో మళ్లీ పెట్టారు. మధ్యలో నలభై అయిదేళ్ల గుంటూరును కృష్ణా జిల్లా కాగితాల్లో వెతకాలి. వెతకడం మొదలుపెట్టేసరికి రైలు టైమయింది. మళ్లీ వెళ్లడానికి నాకు పధ్నాలుగు నెలలు పట్టింది. సెలవు దొరకాలి, డబ్బు కూడాలి, అనుమతి ఉత్తరం కొత్తగా రావాలి.

అందుకే ఏది మేలని అడిగినవాళ్లను నేను ఒకటే అడుగుతాను. నీ ఆధారం దగ్గరికి రెండోసారి వెళ్లగలవా? మూడోసారి? మొదటిసారి వెళ్లినప్పుడు ఏం అడగాలో మనకే తెలియదు. తెలిసిందనుకుని వెళ్తాం. ఇంటికొచ్చి రాసుకున్నవి తిరగేస్తుంటే అసలు ప్రశ్న అప్పుడు పుడుతుంది. అది పుట్టాక మళ్లీ వెళ్లే దారి ఉండాలి. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. అందులో కోర్సువర్కుకి పోయేది పోగా, ఒక్కో ప్రయాణానికి ఏడాది ఆగాల్సి వస్తే మిగిలేది ఏముంటుంది?

ఇక శాసనాలు. ఆ పని చేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. శాసనానికి కాగితం మీద నకలు తీయడం ఒకసారి దగ్గరుండి చూశాను. రాతిని బ్రష్షుతో రుద్ది కడిగి, తడి కాగితం పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొడతారు. మీద సిరాలో ముంచిన గుడ్డ ఉండతో అద్దితే నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. గాలికి కాగితం కదిలితే మొదటికి రావాలి. బెజవాడ యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలున్నాయని క్లాసులో చెప్పుకోవడం వేరు, ఆ లిపిని అక్షరం అక్షరం కూడబలుక్కుని పద్యం పట్టుకోవడం వేరు. కానీ ఈ దారికి గురువు కావాలి. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన పేటికల మీది రాత చదవాలంటే బ్రాహ్మీ రావాలి, ప్రాకృతం రావాలి. అమరావతి స్తూపం మీద పని చేస్తానంటే మరో చిక్కు. అక్కడి మ్యూజియంలో ఉన్నవి పోగా శిల్పాలు చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన పక్క ఊరి పలక చూడ్డానికి గుంటూరు పిల్ల లండన్ వెళ్లాలి. ఒకసారి వెళ్లడమే గగనం, రెండోసారి మాటేమిటి? లిపి నేర్పే మనిషి దగ్గర్లో ఉంటేనే శాసనాలు పట్టుకోండి.

నోటి మాట దగ్గర మాత్రం నా మొగ్గు దాచుకోను. నా పరిశోధన తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాల మీద. ఒక హార్మోనిస్టు దగ్గరికి వెళ్లాను, అప్పటికి ఆయనకు ఎనభై దగ్గర. మొదటిసారి ఆయన చెప్పినవన్నీ సన్మాన సభల్లో చెప్పే మాటలే. ఏ కృష్ణుడి పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు, హరిశ్చంద్ర నాటకంలో ఎవరి కాటిసీనుకి జనం ఎంత ఏడ్చారు, అంతే. రెండోసారి వెళ్లేసరికి కాస్త చనువు వచ్చింది. లేవబోతుంటే వాళ్లావిడ లోపల్నుంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చింది. అట్ట ఊడిపోయి పురికొసతో కట్టి ఉంది. ఊరి పేరు, తేదీ, రాయబారమో వారణాసో కాటిసీనో, ఏ నటుడికి ఎంత శ్రుతి (గొంతు ఎంత పైకి వెళ్తుందో చెప్పే అంకె), చేతికొచ్చిన డబ్బు, బండి ఖర్చు. ఒక నటుడి పేరు పక్కన అయిదున్నర కొట్టేసి అయిదు, కొన్ని పేజీల తర్వాత అది కూడా కొట్టేసి నాలుగున్నర. ఒక గొంతు ముసలిదవుతూ ఉండడం అంకెల్లో కనిపించింది. నేను చదివిన ఏ పత్రికా ఆ మాట నాకు చెప్పలేదు.

ఇంటికొచ్చి ఆ తేదీలన్నీ నెలవారీగా వేసుకున్నాను. దాదాపు అన్నీ సంక్రాంతి నుంచి వేసవి చివరిదాకానే. మూడోసారి వెళ్లి అడిగితే, అదేదో చిన్నపిల్లలకూ తెలిసిన విషయమైనట్టు చెప్పాడు. "మాసూళ్లయ్యాక చేతిలో డబ్బుంటది. మినుము తీత కూడా అయితే పొలం ఖాళీ, పందిరి వేసుకోవచ్చు. కాలవలకి నీళ్లొదిలాక నాటకం ఎవరు చూస్తారమ్మా?" నా సిద్ధాంత వ్యాసంలో నాలుగో అధ్యాయమంతా ఆ మూడు మాటల మీద నిలబడింది. గుంటూరు నుంచి తెనాలికి బస్సులో గంట. తెనాలి చెన్నైలా దూరమై ఉంటే నేను మూడోసారి వెళ్లేదాన్నే కాదు.

నోటి మాటకు లోపాలు లేవనడం లేదు. తేదీలు దాదాపు అన్నీ తప్పుతాయి. ఆ హార్మోనిస్టుకు కాలమంటే ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చిందన్నది మేకులా పెట్టుకుని మిగతావి సర్దుకున్నాను. అదీ చాలనప్పుడు పత్రికల్లో నాటకాల ప్రకటనలు చూశాను. కులం, కూలి, గొడవల సంగతులు అడిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. చెప్పినవాళ్లు రేపు ఆ ఊళ్లోనే బతకాలి. పేరు వెయ్యమంటారా వద్దంటారా అని అడగాలి, అచ్చు వేసేముందు వాళ్లకు చదివి వినిపించాలి. పల్నాటి వీరగాథ మీద పని చెయ్యాలనుకునేవాళ్లు మరొకటి గమనించండి. కారెంపూడి వీరుల తిరునాళ్లు ఏడాదికి ఒక్కసారే వస్తాయి, కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు. ఒక ఏడు కల్లిపాడు రోజు (తిరునాళ్లలో చివరి రోజు) జ్వరం వస్తే మళ్లీ ఏడాది దాకా లేదు. కాకపోతే గాయకులు ఏడాది పొడుగునా ఊళ్లోనే ఉంటారు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘేర్ అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసుకుని వెళ్తే దాని మీద పుస్తకం 1982లో వచ్చింది. అంత దూరం నుంచి ఆయన రాగలిగాడు. నరసరావుపేట నుంచి మనం ఎన్నిసార్లయినా పోగలం.

ప్రశ్నావళులు పంచి లెక్కలు తీసే సర్వేలు ఉన్నాయి, పంచాయతీలు, ఎన్నికల వంటి విషయాలకు పనికొస్తాయి. కథలూ నవలల మీద విమర్శ ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు, చదివే ఓపిక ఉన్నవాళ్లకు మంచిదే. కంప్యూటరుతో పాత తెలుగు పుటలు చదివించే పని కొత్తగా వస్తోంది, ఆసక్తి ఉంటే చూడండి.

మా అన్నయ్య కూతురు చివరికి నాటకాలకు డ్రెస్సులూ కిరీటాలూ అద్దెకిచ్చిన కుటుంబాల మీద పడింది. పాత ప్రకటనల కోసం వేటపాలెం కూడా వెళ్తానంది, వెళ్లమన్నాను. పోయిన ఆదివారం మొదటిసారి తెనాలి వెళ్లొచ్చింది. టీ ఇచ్చారట, రెండు ఫొటోలు చూపించారట, అద్దె పుస్తకాల మాటెత్తితే ఎక్కడో అటక మీద ఉన్నాయన్నారట. మొహం వేలాడేసుకుని వచ్చింది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తోంది.