పాత ఓక్ ఫ్లోర్‌కి అతుకు: కొత్త చెక్క మేలా, పాత చెక్క మేలా?

అమెరికాలో 1920ల నాటి ఇల్లు కొని, కిచెన్‌కీ డైనింగ్‌కీ మధ్య గోడ తీయించారనుకోండి. గోడ లేచిపోయిన చోట చెక్క ఫ్లోర్‌లో అయిదారంగుళాల వెడల్పున ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి మూడు దారులున్నాయి: షాపులో దొరికే కొత్త ఓక్, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు తీసి అమ్మే చెక్క, మీ ఇంట్లోనే క్లోజెట్‌లోంచి ఊడదీసిన పలకలు. కాంట్రాక్టర్‌ని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు "కొత్తది వేసి స్టెయిన్‌తో (చెక్కకి పట్టించే రంగుతో) కలిపేద్దాం" అని. స్టెయిన్ రంగునే కలుపుతుంది. చెక్క జాతిని, కోతని, పలక వెడల్పుని కలపలేదు. అతుకు కంటికి కొట్టేది ఈ మూడింటి దగ్గరే.

ముందు మీ కాళ్ల కింద ఉన్నదేమిటో తేల్చుకోండి. హీటర్ గాలి వచ్చే గ్రిల్ ఎత్తితే పలక అడ్డకోత కనిపిస్తుంది. ఆ కాలపు ఓక్ మామూలుగా ¾ అంగుళం మందం, 2¼ అంగుళాల వెడల్పు, టంగ్ అండ్ గ్రూవ్ (ఒక పలక అంచున నాలుక, పక్క పలకలో అది దూరే గాడి). కొన్ని ఇళ్లలో ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో, 5/16 అంగుళం మందంతో, మీద నుంచే మేకులు కొట్టిన సన్న పలకలుంటాయి. అవైతే షాపు సరుకు అసలు అతకదు.

ఆ తర్వాత రెడ్ ఓకా, వైట్ ఓకా అన్నది. పలక చివర నుంచి చిన్న ముక్క కోసి, ఒక కొసని సబ్బు నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి ఊదండి. బుడగలొస్తే రెడ్ ఓక్: దాని రంధ్రాలు సన్నటి గొట్టాల్లా ఈ కొస నుంచి ఆ కొసకి తెరిచే ఉంటాయి. వైట్ ఓక్ చేవలో అవి మూసుకుపోయి ఉంటాయి. పలక మీద చారలకి అడ్డంగా వెండి మరకల్లాంటి మెరుపులు ఎక్కువగా కనబడితే అది క్వార్టర్ సాన్ కోత (దుంగని నాలుగు భాగాలు చేసి, వలయాలకి అడ్డంగా కోసినది). దాని పక్కన మామూలు కోత పలక వేస్తే ఏ స్టెయినూ కాపాడదు.

ఇక పోలిక. మన ఓటు సొంత క్లోజెట్ చెక్కకే. మామూలుగా అదే మిల్లు సరుకు, అదే వయసు, వెడల్పూ టంగ్ ఎత్తూ ఒకటే. నడక తక్కువ కాబట్టి అరుగుదలా తక్కువ. ఖాళీ అయిన క్లోజెట్‌లో కొత్త ఓక్ వేసి తలుపు మూసేస్తే సరి. (ఆ క్లోజెట్‌నే పూజగది చేసుకునే ఆలోచన ఉంటే వేరే క్లోజెట్ చూడండి. దీపం నూనె పడేది ఆ కొత్త చెక్క మీదే, కళ్ల ముందు ఉండేదీ అదే.) చిక్కల్లా చాలకపోవడమే. ఊడదీసేటప్పుడు టంగ్‌లు కొన్ని చీలతాయి కాబట్టి కావలసినదానికి పావు వంతు ఎక్కువే లెక్కేసుకోండి.

పడగొట్టిన ఇళ్ల చెక్క రెండో స్థానం. చారల బిగువు కలుస్తుంది, కానీ వెడల్పు 1/32 అంగుళం తేడా వచ్చినా నాలుగు వరసలు దాటేసరికి సందులు పడతాయి. అందుకే మీ పలక ముక్క ఒకటి పట్టుకెళ్లి దుకాణంలోనే జోడించి చూడాలి. లోపల విరిగిన మేకులుంటాయి. షెడ్డులో తేమ పీల్చిన చెక్కని వెంటనే బిగిస్తే చలికాలం హీటర్ వేడికి కుంచించుకుపోతుంది. ఇంట్లో పేర్చి ఉంచి, తేమ మీటర్‌లో దాని తేమ పాత ఫ్లోర్‌తో రెండు శాతం లోపు తేడాకి వచ్చాకే వేయాలి. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లలో హార్ట్ పైన్ (లాంగ్‌లీఫ్ పైన్ చెట్ల చేవ చెక్క) ఉండి, క్లోజెట్ చెక్క చాలకపోతే మాత్రం ఇదే దారి. అంత చేవ ఉన్న లాంగ్‌లీఫ్ పైన్ అడవులు ఎప్పుడో కొట్టేశారు.

కొత్త ఓక్ తేలిక, చవక, 2¼ వెడల్పులో ఇప్పటికీ దొరుకుతుంది. ఫినిష్ వేయనిదే కొనాలి. అయితే పాత ఫ్లోర్ ఒకటి రెండుసార్లు గీకించుకుని పలచబడి ఉంటుంది కాబట్టి కొత్త పలక 1/16 అంగుళం పైకి తేలుతుంది. గదంతా శాండింగ్ చేయిస్తుంటే దిగిపోతుంది. లేకపోతే పలక అడుగున చిత్రిక పట్టాలి. అప్పుడు టంగ్ కూడా కిందికి జారి పాత గ్రూవ్‌కి అందదు. టంగ్ కోసేసి, రెండు వైపులా రౌటర్‌తో కొత్త గాడి తీసి, మధ్యలో సన్నటి చెక్క బద్దీ దూర్చాలి.

ఏ చెక్కైనా అతుకుని చతురస్రంలా కోసి పెట్టొద్దు. పాత పలకల కొసల్ని ఎగుడుదిగుడుగా కోసి, పక్క వరస జాయింట్‌కి కనీసం ఆరంగుళాల ఎడం ఉండేలా జడలా అల్లాలి. ఎనిమిది నుంచి పది అంగుళాలకో మేకు. చివరి పలక పక్క నుంచి దూరదు. దాని గ్రూవ్ కింది పెదవి ఉలితో చెక్కేసి, జిగురు రాసి పై నుంచి దింపాలి.

శాండింగ్‌కి ముందు మళ్లీ గ్రిల్ దగ్గర చూడండి. టంగ్ పైన 1/8 అంగుళం కూడా లేకపోతే డ్రమ్ శాండింగ్ మెషిన్ ఎక్కించొద్దు. పూర్తి శాండింగ్ ఒక్కోసారికి దాదాపు 1/32 తినేస్తుంది. 1978కి ముందు ఇళ్లలో పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. లినోలియం తీశాక నల్లటి జిగురు కనబడితే ఆస్బెస్టాస్ పరీక్ష అయ్యేదాకా గీకొద్దు. మిగతావాటికి 36, 60, 80, 100 గ్రిట్‌ల శాండ్‌పేపర్ (అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) వరసగా. మధ్యలో దూకితే ముందు గ్రిట్ గీతలు స్టెయిన్ పట్టి నల్లగా తేలతాయి.

ఫినిష్‌లో నూనె పాలీయురెథేనా, నీటిదా? పక్క గదుల్లో పాత నూనె పాలిష్ పచ్చబడి ఉంటే నూనెదే. నీటిది రంగు మారదు, రెండు మూడు గంటల్లో ఆరుతుంది, కానీ పచ్చని గది పక్కన రెడ్ ఓక్ గులాబీ ఛాయతో విడిగా కనిపిస్తుంది. నూనెది కోటుకో రోజు పడుతుంది, పూర్తిగా గట్టిపడటానికి నెల. అప్పటిదాకా తివాచీ పరవొద్దు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయాలి, లేదా నీళ్లు నింపిన ఇనప డబ్బాలో ముంచి మూత పెట్టాలి.