కారే తెరచాప పడవకు ఏది మేలు: పాలియెస్టరా, ఎపాక్సీయా?

సముద్రతీరంలో పడవ కారడానికీ, మన రాయలసీమ జలాశయాల్లో పడవ కారడానికీ కారణాలు ఒకటి కావు. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వరదకాలంలో ఆ మట్టానికి చేరువయ్యే నీరు వేసవికల్లా ఎంతగా వెనక్కి తగ్గుతుందంటే, వానాకాలంలో శిఖరంతో సహా మునిగిపోయే సంగమేశ్వరాలయంలోకి అప్పుడు భక్తులు నడిచి వెళతారు. నీటితోపాటు ఒడ్డు దూరమైపోయాక చిన్న పడవ నాలుగైదు నెలలు నేల మీదే ఉండిపోతుంది. కర్నూలు ఎండ దాని అతుకులను ఎండగడుతుంది, మళ్లీ నీటిలోకి ఈడ్చుకెళ్లేటప్పుడు రాళ్లు దాని అడుగును గీస్తాయి. అవుకు, బేతంచెర్ల వైపు నాపరాళ్ల నేల మీద పడవను లాగిన వారికి ఆ రాతి అంచు ఎంత పదునో చెప్పనక్కరలేదు. కాబట్టి తీరప్రాంతం వారు ఇచ్చే సలహాను ఉన్నదున్నట్టు పాటించకుండా, మన ఎండకూ మన ఒడ్డుకూ ఏ మందు నిలుస్తుందో చూసి ఎంచుకోవాలి.

పాలియెస్టర్, ఎపాక్సీ రెండూ రెజిన్లు, అంటే హార్డెనర్ అనే మరో మందు కలిపితే గట్టిపడే చిక్కటి ద్రవాలు; వాటితో గాజుగుడ్డను తడిపి పగులు మీద అతికిస్తారు. నా పడవ పదమూడు అడుగుల ఫైబర్ తెరచాప పడవ, హైదరాబాదులో పాతది కొన్నాను. దాని మరమ్మతుల్లో తెలిసివచ్చిన దాన్ని బట్టి ముందే ఒక మాట చెబుతాను: పడవ ఒంటికి ఎపాక్సీ మేలు, బోల్టులు దిగే చోట రాయిలా గట్టిపడే మందు ఏదీ పనికిరాదు. మిగతాదంతా ఈ రెండింటికీ వివరణే.

మందు కొనడానికి ముందు లీకు ఎక్కడుందో తెలియాలి. ఇందుకు రెండు దారులున్నాయి. పడవను పాత టైర్ల మీద నిలకడగా కూర్చోబెట్టి, లోపల నాలుగైదు బిందెల నీళ్లు పోసి, వాటిలో బట్టలకు వేసే నీలిమందు కలిపి, బయట ఎక్కడ నీలిచారలు దిగుతున్నాయో చూడటం మొదటిది. లీటరు నీరు కిలో బరువు కనుక పడవను నిండా నింపడం తప్పు. నీటిలో తేలేటప్పుడు బయటి నుంచి దొరికే ఆనుడు నేల మీద ఉండదు, ఆ బరువుకు అడుగు వంగి కొత్త పగుళ్లు పుట్టగలవు. రెండవది, పడవ మునగకుండా ఇరుపక్కలా ఉండే మూసిన గాలి అరలకు సంబంధించినది. బిరడా రంధ్రంలో గొట్టం పెట్టి నోటితో ఊదుతూ, అతుకుల మీద సబ్బునురుగు రాస్తే బుడగలు లేచిన చోటే లీకు ఉన్నట్టు. సైకిలు పంపు, కంప్రెసరు వంటివి వాడితే ఆ ఒత్తిడికి అతుకు విడిపోయి, లేని లీకును మనమే తెచ్చుకున్నవాళ్లమవుతాం. పడవ ఒంటికి నీళ్ల పరీక్ష, అరలకు సబ్బు పరీక్ష సరిపోతాయి. నేను మొదటి ఏడాది ఈ రెండూ చేయకుండా, అడుగున కనిపించిన పెద్ద గీతే దోషమని దాన్ని పూడ్చి పడవను నీటిలో దించాను. నీరు వస్తూనే ఉంది. పడవ గాలికి పక్కకు జారకుండా అడుగు నుంచి నీటిలోకి దించే పలకను మధ్యపలక అంటాను. అసలు లీకు, ఆ పలక దిగే పెట్టె పడవ అడుగుతో కలిసే మూలలో ఉంది. గాలి పక్కనుంచి కొట్టినప్పుడల్లా ఆ పలక మీద పడే బలమంతా ఆ మూలే భరిస్తుంది కాబట్టి, పాత తెరచాప పడవ కొన్నవారు మొదట అనుమానించవలసిన చోటు అదే.

ఇక అసలు పోటీ. పాలియెస్టర్ రెజిన్ చవక. నీళ్ల ట్యాంకులు, తలుపులు చేసే ఫైబర్ పనివారి దగ్గర సులువుగా దొరుకుతుంది. మన పడవల్లో చాలా వాటిని మొదట పోసిందీ దానితోనే. అయినా, కొత్తగా పోసేటప్పుడు అది చూపే పట్టు వేరు, ఏనాడో గట్టిపడిన పాత ఫైబరు మీద చూపే పట్టు వేరు. పాత ఉపరితలంతో అది రసాయనికంగా కలిసిపోదు, గరుకును పట్టుకుని నిలుస్తుంది, అంతే. అందువల్ల పడవ వంగినప్పుడల్లా అతికిన ముక్క అంచు లేచే ప్రమాదం ఉంటుంది. ఎపాక్సీ స్వతహాగా జిగురు. పాత ఫైబరును, కొయ్యను, ప్లైవుడ్డును గట్టిగా పట్టుకుంటుంది, గట్టిపడేటప్పుడు తక్కువ కుంచించుకుపోతుంది. దాని ధర బాగా ఎక్కువే, కాదనలేం. కానీ చేతివెడల్పు పగులుకు పట్టే రెజిన్ కొద్దిపాటిదే కనుక, మొత్తం పడవను పోసేవారికి భారమయ్యే తేడా మరమ్మతు చేసేవారికి అంత భారం కాదు.

ఎండ విషయంలో రెండింటికీ చిక్కులున్నాయి. పాలియెస్టర్‌కు హార్డెనర్ సాధారణంగా నూటికి ఒకటి నుంచి రెండు వంతులు కలుపుతారు, వేడి ఎక్కువైతే ఒక వంతు వైపే ఉండాలి. అంటే దాని వేగాన్ని మనం కొంత తగ్గించుకోవచ్చు. ఎపాక్సీలో ఆ వెసులుబాటు లేదు. డబ్బా మీద చెప్పిన పాళ్లు తప్పితే అది ఎన్నాళ్లయినా సరిగా గట్టిపడదు. వేడి పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగం సమయంలోనే అది బిగుసుకుంటుంది. ఒకసారి మే నెల పగటిపూట లోతు ప్లాస్టిక్ గ్లాసులో పావుకిలో కలిపి, గుడ్డ కత్తిరించుకుని వచ్చేలోపు గ్లాసు పొగలు కక్కి కరిగిపోయింది. వెడల్పాటి పళ్లెంలో పలుచగా, కొంచెం కొంచెంగా కలుపుకుని, సాయంత్రం నీడ దిగాక పని చేస్తే ఆ గొడవ ఉండదు. దీనికి మారుగా మన వేసవి చేసే మేలు ఒకటుంది: పగులులో చేరిన తడి పూర్తిగా ఆరుతుంది. తడి మీద వేసిన మామూలు రెజిన్ ఏదీ నిలవదు. నీరు వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఫిబ్రవరి, మార్చి నెలలే ఈ రెండు లెక్కల ప్రకారమూ అనువైన కాలం.

పాలియెస్టర్‌నే ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక తప్పనిసరి. దుకాణంలో రెజిన్‌తోపాటు కోబాల్ట్ యాక్సిలరేటర్ (గట్టిపడే వేగాన్ని పెంచే మందు), హార్డెనర్ అని రెండు చిన్న సీసాలు ఇస్తుంటారు. ఆ రెండింటినీ ఎప్పుడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు, కలిపితే మంట లేస్తుంది, పేలుడు కూడా జరగవచ్చు. యాక్సిలరేటర్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతే హార్డెనర్ వేయాలి. ఆ హార్డెనర్ కంట్లో పడితే చూపే పోగలదు కనుక కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకూడదు. ఎపాక్సీకి ఆ పేలుడు భయం లేదు గానీ, వట్టి చేతులతో పదేపదే ముట్టుకుంటే చర్మానికి దురదలు పట్టుకుంటాయి, చేతితొడుగులు కావాలి.

ఏ రెజిన్ వాడినా పగులు చుట్టూ మందం ఎంత ఉందో దానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీయాలి. నాలుగు మిల్లీమీటర్ల మందానికి ఒక్కో వైపు దాదాపు ఐదు సెంటీమీటర్లు. ఎపాక్సీతో వాడవలసింది నేసిన గాజుగుడ్డ. పోగులు చిందరవందరగా అతికి ఉండే మ్యాట్‌లో చాలా రకాల జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికే కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. ఎండకు ఎపాక్సీ పెళుసెక్కుతుంది కాబట్టి, గట్టిపడ్డాక నీళ్లతో కడిగి, సాండ్ పేపర్ పట్టి, పైన పెయింటు వేయడం మన ప్రాంతంలో తప్పించుకోలేని పని.

ఇంట్లో పైపులకు వాడే ఎపాక్సీ ముద్ద విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. నీటి మధ్య చిల్లి పడితే ఒడ్డు చేరడానికి అది చాలు, దాన్నే శాశ్వత మరమ్మతు అనుకోకూడదు. తారు పుట్టికి, అంటే గుండ్రటి బుట్ట పడవకు, తగినది. వెదురు అల్లిక మీది పట్టాకు తారు పూసి కృష్ణ, తుంగభద్రలను దాటే జాలరులకు అది మంచి మందే, ఏటా మళ్లీ పూసుకోవచ్చు. ఫైబరు మీద మాత్రం అది ఎండకు జారుతుంది. పైగా దాన్ని పూర్తిగా గీకి తీసేదాకా ఇంకే రెజినూ అక్కడ పట్టదు.

కొయ్య పడవ ఉన్నవారి లెక్క వేరు. పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసే పాత పద్ధతి, పలకలు నాని ఉబ్బి సందులు మూసుకుంటాయన్న నమ్మకం మీద నడుస్తుంది. నాలుగు నెలలు ఎండలో పడి ఉండే పడవలో ఆ సందులు ఏటా తెరుచుకుంటాయి, దించిన మొదటి రెండు రోజులూ నీరు తోడుతూనే ఉండాలి. అలాగని పాత పలకల పడవకు పైనుంచి ఫైబరు తొడగడం మేలు కాదు. లోపల కొయ్య కదులుతూనే ఉంటుంది, తొడుగు విడిపోతుంది, మధ్యన చేరిన తడి పలకను కుళ్లబెడుతుంది.

చుక్కాని ఇనుప అమరికలు, తాళ్ల కొక్కేలు బిగించిన బోల్టుల దగ్గర నీరు చొరకుండా సందు మూయడానికి సిలికాన్, పాలీయురెథేన్ అనే రెండు ముద్దలు, బ్యూటైల్ అనే జిగురు రబ్బరు టేపు అని మూడు దారులు. సిలికాన్‌ను నేను తిరస్కరిస్తాను. అది ఊడినా దాని జిడ్డు మిగిలిపోయి, పెయింటూ రెజినూ అక్కడ పట్టవు. నీటి అడుగున ఉండే అమరికకు పాలీయురెథేన్ సరైనది, కానీ రేపు ఆ అమరికను విప్పాలంటే చాలా కష్టం. నీటికి పైనుండే వాటికి ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యూటైల్ టేపే హాయి. బోల్టు కింద వెడల్పాటి వాషరు లేకపోతే ఈ మూడింటిలో ఏదీ ఏడాది నిలవదు.

గాలి అరలు మరమ్మతుకు లొంగనంత పాతబడితే, లోపల థర్మోకోల్ నింపడమా, మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల డబ్బాలు కట్టడమా అన్నది మరో ప్రశ్న. థర్మోకోల్ చవకే, కానీ తడి తగిలిన కొద్దీ బరువెక్కుతుంది, పక్కన పాలియెస్టర్ పని చేస్తే కరిగిపోతుంది. డబ్బా ఒక్కొక్కటి దాదాపు ఇరవై కిలోల బరువును తేలుస్తుంది. నేను నాలుగింటిని కూర్చునే పలక కింద పట్టీలతో గట్టిగా కట్టేశాను. వాటిలో ఏది కారుతోందో తెలుసుకోవాలంటే పట్టీ విప్పి, చేతిలోకి తీసుకుని ఊపితే చాలు.